మెత్తటి సీటు మీద కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి

సైకిల్ షాపు పెట్టాలనుకునే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. గేర్లు ఎట్లా సర్దాలి, డిస్కు బ్రేకులు ఎట్లా విప్పాలి అని అడుగుతారు. నాకు ఆ రెండూ రావు. వచ్చినట్టు నటించే ఓపిక కూడా లేదు. నాకు తెలిసింది ఒకటుంది, అది చెప్తాను. ఒంటికి మంచిదని కొత్తగా సైకిల్ ఎక్కినవాళ్లు పంక్చర్ అయిందని సైకిల్ మానరు. చైను తెగిందని మానరు. సీటు నొప్పికి మానేస్తారు. పైగా ఆ మాట ఎవరికీ చెప్పరు. "టైం దొరుకతలేదు" అంటారు. సైకిల్ గోడకు ఆనించి పెడతారు, దాని మీద తడి బట్టలు ఆరేస్తారు.

నా పేరు ఖాసీం. మాది దూదేకుల ఇల్లు. మా నాయన ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఎవరు నడుం నొప్పి అన్నా, మెడ పట్టింది అన్నా మా నాయన మందు ఒక్కటే, "ఇంకింత దూది వెయ్యాలె." నేను ఆ పని వద్దనుకుని డెబ్బైల మొదట్లో కామారెడ్డి వెళ్లి సైకిల్ పనిలో చేరాను. తర్వాత ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర సొంత షాపు పెట్టుకున్నాను. తొంభైల చివర్లో ఊరంతా మోటారు సైకిళ్లు నిండిపోయేదాకా అదే నా బతుకు. దూది వదిలిపెట్టి వచ్చానని అనుకున్నాను గాని, దూది నన్ను వదల్లేదు. ఆ కథే ఇది.

పది గజాలు

కామారెడ్డిలో నాకు పని నేర్పినాయన జబ్బార్ ఉస్తాద్. సన్నటి మనిషి, గొంతు మాత్రం లారీ హారన్. పని బాగా చేస్తే ఏమీ అనేవాడు కాదు. పాడుచేస్తే ఉర్దూ, తెలుగు కలిపి తిట్టేవాడు. ఆ తిట్లలోనే పాఠం ఉండేది.

సైకిల్ బాగుచేశాక నేను దాన్ని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దాకా తొక్కి, తిప్పుకొని వచ్చి స్టాండ్ వేసేవాణ్ని. "మస్తుగున్నది ఉస్తాద్" అనేవాణ్ని. ఆయన పానా బల్ల మీద కొట్టి అనేవాడు:

"పది గజాలు తొక్కుడు పెండ్లిచూపుల లెక్క రా. కాపురం జేస్తే గద తెలిసేది!"

అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. అర్థం చేసుకోలేదు. ఇప్పటి మెకానిక్కులను చూస్తున్నాను, మీరూ అంతే. షాపు ముందు ఒక చుట్టు తిరిగి వచ్చి సైకిల్ చేతికిచ్చేస్తున్నారు. మన పనివాళ్లలో సగం మందికి సైకిల్ విప్పడం వచ్చు గాని తొక్కడం రాదు. కోపం వస్తే రానివ్వండి, నేనూ పెద్ద దూరాలు తొక్కినవాణ్నేమీ కాదు. ఒక్కసారి తొక్కాను. ఆ ఒక్కసారి చాలు.

టీచరమ్మ

ఎనభైల నడుమ సంగతి. ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే సుగుణ టీచర్ ఒక సాయంత్రం షాపుకొచ్చింది. నలభై దాటిన మనిషి, కొంచెం భారీ మనిషి. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే కాబట్టి ఆమె వస్తుంటే పెద్దవాళ్లు కూడా బీడీ పారేసేవాళ్లు.

"ఖాసీం భాయ్, ఒక సైకిల్ గావాలె" అన్నది.

"పాపకా టీచరమ్మా?"

"నాకే."

షాపులో ఉన్నవాళ్లంతా ఒక్కసారి తలలు తిప్పారు. ఆమె వాళ్ల వైపు చూసింది. తలలు మళ్లీ ఎటువి అటే తిరిగాయి. అప్పుడు గొంతు తగ్గించి అసలు విషయం చెప్పింది.

"షుగర్ వచ్చింది భాయ్. కామారెడ్డి డాక్టర్ మూడు నెలలు టైమిచ్చిండు. బరువు తగ్గితే గోలీలతోని గడుస్తదట, లేకుంటే సూదే అన్నడు. నడుద్దామంటే మోకాళ్లు నొస్తున్నయి. సైకిల్ తొక్కితే మోకాళ్ల మీద బరువు పడదన్నడు. చిన్నప్పుడు రామారెడ్డిల మా అన్న సైకిల్ తొక్కిన, ఇప్పుడు గూడ తొక్కుత."

"తొక్కుతరు టీచరమ్మా, ఎందుకు తొక్కరు?"

"మా అవ్వకు రోజు పొద్దుగాల గాజు సూది నీళ్లల్ల మరగబెట్టి నేనే ఇచ్చేదాన్ని. సూది తెస్తున్ననంటెనే అవ్వ కండ్లు మూసుకునేది. నాకు గా సూది వద్దు భాయ్."

ఎంత అల్లరి పిల్లలనైనా గడగడలాడించే మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈమెకు మంచి సైకిల్ ఇవ్వాలి, ఈమె బరువు తగ్గించి పంపాలి, డాక్టర్‌కంటే నాదే ఎక్కువ పూచీ అన్నంత ఆవేశం వచ్చింది. ఆవేశంలో చేసే పని ఎట్లా ఉంటుందో ఇక చూడండి.

నా దగ్గర ఒక పాత లేడీస్ సైకిల్ ఉంది. ఫ్రేము బాగుంది, చక్రాలు బాగున్నాయి. సీటు మాత్రం చిరిగింది. నా దగ్గర ఒక కొత్త జెంట్స్ సీటు ఉంటే తీసి దానికి బిగించాను. సీటు సీటే కదా అనుకున్నాను. కింద పడతానని భయం ఉంటుంది కాబట్టి రెండు పాదాలూ నేలకు ఆనేటట్టు సీటు కిందికి దించాను. ముందుకు జారిపోకుండా సీటు ముక్కు కొంచెం పైకి లేపాను. ప్రతి సైకిల్ షాపువాడూ ఆ రోజుల్లో ఇట్లాగే చేసేవాడు. ఒక్క సైకిల్ మీద మూడు తప్పులు చేసి, హోటల్ దాకా తొక్కి చూసి, "మస్తుగున్నది" అని ఇచ్చాను.

దూది మీద దూది

వారం తిరక్కముందే వచ్చింది.

"సీటు జర గట్టిగున్నది భాయ్."

"కొత్తల గట్లనే ఉంటది టీచరమ్మా. అలవాటైతది."

ఈ "అలవాటైతది" అన్న మాట మన వృత్తిలో ఉన్నంత పాడు మాట ఇంకోటి లేదు. మనకు కారణం తెలియనప్పుడు అనే మాట అది.

ఇంకో వారానికి మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోమంటే కూర్చోలేదు. అప్పుడు నాలో మా నాయన నిద్ర లేచాడు. ఇంట్లో ఉన్న మంచి బూరుగు దూది తెచ్చాను. ఎర్ర మఖ్మల్ గుడ్డతో సీటుకు గలీబు కుట్టి, చుట్టూ పచ్చ కుచ్చులు వేలాడదీశాను. చూడ్డానికి పీర్ల పండుగ ముస్తాబులా ఉంది. టీచరమ్మ వేలితో నొక్కి చూసి, "మెత్తగున్నది భాయ్, నీ చెయ్యి సల్లగుండ" అన్నది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

నాలుగు రోజులకు మళ్లీ అదే బాధ. నేను ఇంకింత దూది కూరాను. మళ్లీ వచ్చింది. ఈసారి దూది మీద స్పాంజి వేశాను. నెల గడిచింది. ఆమె బరువు ఎక్కడిది అక్కడే ఉంది, సీటు బరువు మాత్రం పెరిగింది.

ఒకరోజు ఆమె సైకిల్‌ని నడిపించుకుంటూ వచ్చింది. స్టాండ్ వేసి, నా మొహం చూడకుండా అన్నది:

"ఎవరికన్న అమ్మిపెట్టు భాయ్. మా ఆయన ముందే చెప్పిండు, నలభై ఏండ్లకు సైకిలేందని. నా ఒంటికి గిది పడదు. సూదే రాసి పెట్టున్నట్టున్నది."

నేను నోరు తెరిచేలోపే వెళ్లిపోయింది. ఆమె నడక చూశాను. కాళ్లు ఎడంగా వేసుకుంటూ, ఒక్కో అడుగు ఆలోచించి వేస్తున్నది.

ఖాజాబీ అడిగిన ప్రశ్న

మా ఇంటామె ఖాజాబీకి సంగతంతా చెప్పాను. ఆమె బట్టలు కుట్టేది. సూది పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నొప్పి ఎక్కడన్నదయ్యా?"

"సీటు కాడ."

"సీటు కాడంటే ఎక్కడ?"

నెల రోజులు ఆ సీటుకు దూది కూరినవాణ్ని, నొప్పి ఎక్కడో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినా ఆమె ఎట్లా చెప్తుంది?

"ఆడమనిషి నీతోని ఎట్ల జెప్తది? ఆగు, నేను పోయొస్త" అని చెంగు సర్దుకుని వెళ్లింది. గంటకు తిరిగి వచ్చింది. వస్తూనే అన్నది:

"కూసునే బొక్కల కాడ నొప్పి తక్కువనే. అది పోతదని ఆమెకు గూడ తెలుసు. బాధంత ముంగట. మంట, తిమ్మిరి. లంగ కుట్టు ఒరుసుకొని తొడలు పుండ్లు పడ్డయి. నువ్వు దూది పెట్టినకొద్ది ఎక్కువైందట. నువ్వు మనసు కష్టపెట్టుకుంటవని చెప్పలేదట పాపం!"

దూది పెట్టినకొద్దీ ఎక్కువ కావడమా? నాకు నమ్మబుద్ధి కాలేదు. మా నాయన బతికి ఉంటే ఆయనా నమ్మేవాడు కాదు.

ఉస్తాద్ శిక్ష

మర్నాడు సైకిల్‌ని బస్సు మీదికి ఎక్కించి కామారెడ్డి పోయాను. ఉస్తాద్ ఆ ఎర్ర మఖ్మల్ సీటు చుట్టూ రెండు సార్లు తిరిగాడు. కుచ్చులు పట్టి లాగి చూశాడు.

"ఏందిరా ఇది? సైకిలా, పెండ్లి పల్లకీనా?"

జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. చాయ్ తెప్పించి, తాగమని, మెల్లగా అన్నాడు:

"నొప్పికి దూది పెట్టుడు మీ నాయిన పని. నొప్పి ఎందుకొచ్చిందో చూసుడు నీ పని. బస్సుల పోకు. గీ సైకిల్ మీదనే ఎల్లారెడ్డి పో. పోయినంక నన్నేం అడగాల్నో నీకే తెలుస్తది."

"ఇది లేడీస్ సైకిల్ ఉస్తాద్..."

"ఆమె తొక్కుతలేదా?"

బయలుదేరాను. మొదట బ్రహ్మాండంగా ఉంది. మేఘం మీద కూర్చున్నట్టే ఉంది. తాడ్వాయి వచ్చేసరికి మేఘం కరిగిపోయింది. దూది నడుమ ఉండ కట్టింది. కూర్చునే ఎముకలు రెండూ పక్కలకు దిగబడ్డాయి, నడుమ దూది ముద్ద పైకి పొడుచుకొచ్చింది. ముక్కు పైకి లేపి ఉంది కదా, అది తగలరాని చోట తగులుతోంది. సీటు కిందికి ఉండడం వల్ల మోకాళ్లు కడుపు దాకా వస్తున్నాయి, బరువంతా సీటు మీదే పడుతోంది. వెనక్కి జరిగితే ఒక బాధ, ముందుకు జరిగితే ఇంకో బాధ.

లింగంపేటలో అరుగుల మీద ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. నేను అప్పటికి సీటు మీద కూర్చోలేక సగం లేచి, సగం వంగి, వంకరటింకరగా తొక్కుతున్నాను. కుచ్చులు గాలికి ఊగుతున్నాయి. ఒకామె చేతిలో ఆకు చేతిలోనే పెట్టుకుని అరిచింది:

"ఓ అన్నా! మఖ్మల్ గద్దె ఉన్నది గద, కూసోవేంది? ముండ్లున్నయా?"

"ఉన్నయవ్వా, దూది ముండ్లు!" అన్నాను. అరుగులన్నీ నవ్వాయి. నొప్పితో ఏడవాల్సినవాణ్ని, నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మిగిలిన దారి దాటాను.

మూడు రోజులు నిలబడి అన్నం తిన్నాను. బోర్లా పడుకున్నాను. ఊరందరికీ సీట్లు బిగించేవాడు కూర్చోలేకపోతున్నాడని ఖాజాబీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. అయినా చెప్తున్నాను, ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నంత నా పన్నెండేళ్ల పనిలో నేర్చుకోలేదు.

తవుడు సంచి

నాలుగో రోజు టీచరమ్మ ఇంటికి పోయాను. వాళ్లాయన రాజిరెడ్డి మక్కలు ఆరబోస్తున్నాడు. సరదా మనిషి. "ఏం ఖాసీం, సైకిల్ అమ్ముడుపోయిందా?" అన్నాడు.

"లేదు పటేలా. నేనే తొక్కి వచ్చిన, కామారెడ్డి నుంచి. తప్పు టీచరమ్మ ఒంట్ల లేదు, నా చేతులనే ఉన్నది." టీచరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "నాకు పదిహేను రోజులియ్యుండ్రి. గప్పటికీ గట్లనే ఉంటే నేనే అమ్మిపెడుత."

ఆమె వేళ్లు లెక్కపెట్టుకుంది. "డాక్టర్ చెప్పిన దాంట్ల రెండు నెలలు గూడ లేవు భాయ్" అన్నది. కాని వద్దనలేదు.

మొదట సీటు వెడల్పు తేల్చాలి. సంచిలో తవుడు నింపి, చదును చేసి, బెంచీ మీద వెయ్యమని ఖాజాబీకి ఇచ్చాను. టీచరమ్మ లోపలి గదిలో దాని మీద కాసేపు కూర్చుంది. లేచాక సంచి బయటికి వచ్చింది. రెండు గుంతలు స్పష్టంగా పడ్డాయి. ఆ గుంతల మధ్య దూరం కొలిచి జెంట్స్ సీటు మీద పెట్టి చూశాను. రెండూ సీటు అంచులు దాటి గాలిలో ఉన్నాయి! పాపం, ఆ మనిషి నెల రోజులు గోడ అంచు మీద కూర్చున్నట్టు కూర్చుంది.

దూది, మఖ్మల్, కుచ్చులు అన్నీ పీకేశాను. వెనక వెడల్పుగా, ముక్కు పొట్టిగా ఉండే స్ప్రింగుల తోలు సీటు తెప్పించాను. గట్టిదే. ఎముకలకు కావలసింది గట్టిదనమే. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి సీటు మీద పెట్టి, ముక్కు లేవకుండా, వాలకుండా సమంగా బిగించాను. మడమ పెడల్ మీద పెడితే కాలు చాచుకునేంత ఎత్తుకు సీటు లేపాను.

"అమ్మో, కాళ్లు నేలకు అందుతలేవు!" అన్నది టీచరమ్మ.

"అందద్దు. ఆగేటప్పుడు సీటు దిగి ముంగటికి రావాలె, గప్పుడు కాలు పెట్టాలె."

దిగడం నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఖాజాబీ చీర కింద వేసుకోవడానికి తొడల మధ్య కుట్టు రాకుండా ఒక మెత్తని పైజామా కుట్టి ఇచ్చింది. పుండ్లు మానేదాకా సైకిల్ ఎక్కవద్దని ముందే చెప్పాం. తర్వాత రోజు విడిచి రోజు పావుగంట. పాలవాణ్ని చూపించి చెప్పాను, "గుంత రాంగనే ఎట్ల లేస్తున్నడో చూడుండ్రి. బస్తా లెక్క కూసోవద్దు, నడుమ నడుమ పెడల్ మీద లేవాలె."

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. కొత్తగా తొక్కేవాళ్లకు ఎముకల దగ్గర సలుపు మొదటి పది పదిహేను రోజులు ఉంటుంది. అది నిజంగానే అలవాటవుతుంది. మంట, తిమ్మిరి, ఒరుపు మాత్రం ఎన్నేళ్లు తొక్కినా అలవాటు కావు. అవి ఉన్నాయంటే సీటు తప్పో, ఎత్తు తప్పో, బట్ట తప్పో. సరిచేసినా పోకపోతే డాక్టర్ దగ్గరికి పంపండి. అడగడానికి మీకు సిగ్గైతే అడగగలిగే మనిషిని ఇంట్లో నుంచి తెచ్చుకోండి. నేను తెచ్చుకున్నాను.

పోచారం దాకా

పదిహేను రోజులు గడిచాయి. అమ్మమన్న మాట మళ్లీ రాలేదు. పావుగంట అరగంటైంది, అరగంట గంటైంది. పొద్దున్నే బెల్లు కొట్టుకుంటూ షాపు ముందు నుంచి పోయేది. ఆ బెల్లు వినబడితే బస్టాండులో పిల్లలు పుస్తకాలు తీసేవాళ్లు. ఒక ఆదివారం పోచారం చెరువు దాకా పోయి, కట్ట మీద జామపండు తిని తిరిగొచ్చానని చెప్తుంటే ఆమె మొహం చూడాలి, పదో తరగతిలో మొదటి మార్కు వచ్చిన పిల్లలా ఉంది. రాజిరెడ్డి ఒకరోజు తన సైకిల్ మెల్లగా నెట్టుకొచ్చి, అటూ ఇటూ చూసి, "నాది గూడ జర తవుడు సంచి లెక్క చూడు ఖాసీం, ఎవరికి చెప్పకు" అన్నాడు. నేను ఖాజాబీకి ఒక్కదానికే చెప్పాను. కాబట్టి ఊరందరికీ తెలిసింది.

మూడు నెలలు నిండిన రోజు టీచరమ్మ సైకిల్ నా షాపులో పెట్టి కామారెడ్డి బస్సెక్కింది. ఆ రోజు నాకు చేతిలో పని నిలవలేదు. ఒకే పంక్చర్‌ని రెండు సార్లు అతికించాను. ఒక్కో బస్సూ వస్తోంది, ఆమె దిగడం లేదు. ఖాజాబీ కూడా కుట్టుపని వదిలి షాపుకొచ్చి కూర్చుంది. "సూది రాసిచ్చిండేమోనయ్యా" అన్నది. ఆ మాట అనవద్దని కసిరాను.

పొద్దు వాలుతుండగా వచ్చిన బస్సులోంచి ఆమె దిగింది. చేతిలో డాక్టర్ చీటీ ఉంది. మొహం చూస్తే అలసిపోయి ఉంది, ఏమీ అర్థం కాలేదు. నేను గబగబా స్టూలు తుడిచి ముందుకు జరిపాను.

"కూసోండ్రి టీచరమ్మా. ఏమన్నడు డాక్టర్?"

"సూది వద్దన్నడు భాయ్. గోలీలు చాలన్నడు. గిట్లనే తొక్కుమన్నడు."

ఖాజాబీ ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. నేను మళ్లీ స్టూలే జరిపాను.

"కూసోండ్రి, చాయ్ చెప్త."

"వద్దు భాయ్" అన్నది టీచరమ్మ నడుం పట్టుకుని. "గా బస్సు సీట్ల కూసోని ఒళ్లంత పచ్చి పుండైంది. నా సైకిల్ ఇయ్యి, జరసేపు సుఖంగ కూసుంట."